ఎవరి పేరు వాళ్ళే చెప్పాలి

పోయిన వారం చిక్కడపల్లిలో పిండిమర ముందు నిలబడి ఉన్నాను. వెనకనుంచి ఎవరో నా భుజాలు దులిపారు. ముందు కుడి భుజం, తర్వాత ఎడమ భుజం. ఒళ్ళు జల్లుమంది. వెనక్కి తిరక్కముందే నా పేరు, నా ఇంటి పేరు, నారాయణగూడలో నా ఇల్లు అన్నీ నోటిదాకా వచ్చేశాయి. తీరా చూస్తే ఎవరో పెద్దావిడ. "పిండి వడ్డదమ్మా, మంచి చీర ఖరాబైతదని దులిపిన" అంది. ఆవిడకి మంచిమాట ఒక్కటి కూడా చెప్పలేదు. పిండి డబ్బా అక్కడే వదిలేసి ఇంటికొచ్చి, మంచం మీద కూలబడ్డాను. మా కోడలు నవ్వింది. నవ్వనీ, దానికేం తెలుసు.

మా నాటకాల క్లాసుకి వచ్చే ఆయన పోయి కొన్ని నెలలైంది. నేను 'ఆయన' అంటే జనం అదోలా చూస్తారు. యాభై దగ్గరపడిన మనిషి, కణతల దగ్గర జుట్టు నెరిసిన మనిషి. అయినా లోకమంతటికీ వాడే. 'వాడు', 'పాపం వాడు', 'పిచ్చి సన్నాసి'. కళ్ళు కాస్త వాలుగా, మెడ పొట్టిగా, మాట తడబడుతూ డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు కాబట్టి, ఎంత వయసొచ్చినా చంటిపిల్లాడే అని జనం తీర్మానించేసుకున్నారు. నాకు ఒళ్ళు మండేది. అందుకే నేను సార్ అని పిలిచేదాన్ని. ఆయన నన్ను టీచర్ అని, నువ్వు అని పిలిచేవాడు. ఇద్దరికీ సరిపోయింది.

ఇంతకీ నేను టీచర్నేం కాదు. బ్యాంకులో గుమాస్తాగా చేరి, ఆఫీసరుగా రిటైరయ్యాను. ఆదివారాలు నాటకాల పోటీల్లో ఏడుపు పాత్రలు వేసి, పరదా వెనక టీ తాగుతూ బతికినదాన్ని. మోకాళ్ళు మొరాయించాక వేషాలు రావడం మానేశాయి. అప్పుడు మొదలుపెట్టాను ఈ శనివారం క్లాసు. చిక్కడపల్లి సందులో జిరాక్సు షాపు పైన ఒక హాలు. ఆయన లాంటివాళ్ళు, మాట రానివాళ్ళు, మాట ఆగనివాళ్ళు, ఎదుగుదలలో తేడాతో పుట్టి పెద్దవాళ్ళైన మనుషులు అక్కడ చేరి నాటకాలు ఆడతారు. "సేవ చేస్తున్నారా మేడం?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "సేవ కాదు నాయనా, నాటకం" అంటాను. వాళ్ళకి నచ్చదు.

మా క్లాసుకి ఒక పద్ధతుంది. ఆట అయిపోయాక ఎవరూ వేషంతో ఇంటికి పోకూడదు. కిరీటం, మీసం తీసేస్తే సరిపోదు. అందరం గుండ్రంగా నిలబడి, పక్కవాళ్ళ భుజాలు దులపాలి. కుడి, ఎడమ. "అయిపోయింది, పేరు చెప్పు" అనాలి. దులిపించుకున్న మనిషి తన పేరు, తన ఇల్లు చెప్పాలి. అప్పుడు రాజు రాజు కాదు, అశోక్‌నగర్ మనిషి. పులి పులి కాదు, ముషీరాబాద్ మనిషి. లేకపోతే పులి వేసినవాళ్ళు బస్సులో గర్జిస్తారు. మొదటి నెలలో ఒకరు గర్జించారు కూడా, కండక్టరు దింపేశాడు.

ఆ పద్ధతికి ఒక గట్టి నియమం పెట్టాను. ఎవరి పేరు వాళ్ళే చెప్పాలి, ఇంకొకరు అందించకూడదు. మా వాళ్ళ బతుకంతా అడిగేది వాళ్ళని, జవాబు చెప్పేది పక్కవాళ్ళు. డాక్టరు దగ్గర "నీ పేరేంటమ్మా" అంటే తల్లి చెబుతుంది. పెళ్ళిలో ఎవరైనా పలకరిస్తే అన్న చెబుతాడు. నలభై ఏళ్ళొచ్చినా తన పేరు తన నోటితో చెప్పే సందు దొరకదు. కనీసం మా హాల్లో దొరకాలని నా పట్టుదల.

ఆయనకి పేరు చెప్పడం చిన్న పని కాదు. కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. పిడికిలి బిగించేవాడు. ఛాతీ నిండా గాలి పీల్చి, లోపలెక్కడో వెతికి, ఒక్కో అక్షరం తోడి బయటికి తెచ్చేవాడు. ఇంటి పేరు దగ్గర ఆగిపోయి మళ్ళీ మొదలుపెట్టేవాడు. అందరం నిలబడి ఎదురుచూసేవాళ్ళం. కొత్తగా వచ్చిన వాలంటీర్లు పెదాలు కదుపుతూ అందించబోతే, ఆయన పక్కన నిలబడే ముషీరాబాద్ అమ్మాయి కసిరేది. "ఆగుండ్రి! ఆలోచిస్తుండు. చెప్తడు." చెప్పేవాడు. చెప్పాక కళ్ళు తెరిచి, తనకి తానే "పాస్!" అనుకునేవాడు.

ఈ పాసు, ఫెయిలు ఆయనకి అశోక్‌నగర్ గాలి నుంచి అంటుకున్నాయి. ఉద్యోగ పరీక్షలకి చదివే పిల్లలు సందు సందునా హాస్టళ్ళలో ఉంటారు కదా, వాళ్ళ నోట ఎప్పుడూ అదే మాట. ఆయన ఆ మాటని కూరలకి పెట్టాడు. ఎదురైన ప్రతి మనిషినీ "తిన్నవా? ఏం కూర?" అని అడిగేవాడు. జిరాక్సు షాపతను వంకాయ అంటే "పాస్". దొండకాయ అంటే ముక్కు చిట్లించి "ఫెయిల్!" అని, మెట్లెక్కి వచ్చి క్లాసంతటికీ చాటింపు వేసేవాడు. మెడదాకా గుండీలు పెట్టిన ఫుల్ చేతుల చొక్కా, పాపిడి తీసి నూనె పెట్టిన తల, జేబులో పౌడరు చల్లిన రుమాలు. పెళ్ళికొడుకు కూడా అంత శుభ్రంగా రాడు.

ఒకసారి మా గొడవ భరించలేక ఎదురింటి హాస్టలు అమ్మాయి పైకొచ్చింది. ఆ వారమే ఏదో పరీక్ష ఫలితం వచ్చి పోయినట్టుంది, కళ్ళు వాచి ఉన్నాయి. "మేడం, జర సౌండ్ తగ్గించుండ్రి. ఎదురుంగ రూముల చదువుకుంటున్నం. మస్తు పరేషాన్ అయితుంది" అంది. నేను నోరు తెరిచేలోపే ఈయన వెళ్ళి ఆ అమ్మాయి భుజాలు దులిపాడు. "అయిపోయింది, పేరు చెప్పు." ఆ పిల్ల బిత్తరపోయి పేరు చెప్పింది, ఊరు చెప్పింది, మండలం కూడా చెప్పింది. "తిన్నవా? ఏం కూర?" అన్నాడు. "తినలే అన్నా" అంటూ ఏడ్చేసింది. ఆ తర్వాత మా గొడవ గురించి ఎవరూ పైకి రాలేదు.

ఆయనకి ఇష్టమైన వేషం యముడు. అట్టముక్కతో గద, నల్లదారపు మీసం. మీసం ముక్కుకి గుచ్చుకుని యమధర్మరాజు తుమ్ముతుంటే మా నాటకం సగం ఆ తుమ్ములతోనే నడిచేది. ముషీరాబాద్ అమ్మాయి ఆయన దున్నపోతు. దున్నపోతు వేషం చిన్నదని ఎవరైనా అంటే కుమ్మడానికి వచ్చేది. యముడు గద తాకిస్తే మనుషులు పడిపోవాలి. ఆట అయ్యాక యముడే తిరిగొచ్చి, పడిపోయినవాళ్ళందర్నీ దులిపి లేపాలి. ఆ లేపే పని ఆయన ఎంత శ్రద్ధగా చేసేవాడో! చంపేటప్పుడు తుమ్మేవాడు కానీ లేపేటప్పుడు తుమ్మేవాడు కాదు.

వాళ్ళమ్మగారు ప్రతి శనివారం అశోక్‌నగర్ నుంచి ఆయన వెంట నడిచొచ్చి, మూల కుర్చీలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ మా రిహార్సలు చూసేవారు. కృష్ణా జిల్లా మనిషి. హైదరాబాదు వచ్చి ఇన్నేళ్ళైనా యాస ఇసుమంత కరగలేదు. నేను పిన్నిగారూ అనేదాన్ని. క్లాసు అవగానే "ఏరా దొరా, అయ్యిందా నీ ఆట? పద పద, అన్నం చల్లారిపోతోంది" అని కేకేసేవారు. నాతో "ఏమ్మా, మావాడు ఇవాళ ఎంతమందిని తీసుకుపోయాడూ?" అని నవ్వేవారు.

ఒక శనివారం ముసలమ్మ వేషం వేసే మనిషి రాలేదు. "పిన్నిగారూ, మీరు కాస్త పడుకోండి" అన్నాను. "నాకెందుకమ్మా ఈ వేషాలు" అంటూనే కొంగు నడుముకి చుట్టి వచ్చేశారు. యముడు వచ్చాడు, గద తాకించాడు. ఆవిడ చాప మీద పడుకుని ఎంత బాగా పోయారంటే, నాటకాల్లో అన్నేళ్ళు చచ్చిన నాకే అసూయ కలిగింది. ఆట అయిపోయింది. ఆయన వెళ్ళి వంగి దులిపాడు. "అమ్మా, అయిపోయింది. పేరు చెప్పు." ఆవిడ కదల్లేదు. మళ్ళీ దులిపాడు. పెదవి చివర చిన్న నవ్వు తప్ప ఆవిడ ఊపిరి కూడా బిగబట్టారు. ఆయన బుగ్గలు గిల్లాడు, చక్కిలిగింతలు పెట్టాడు, పగలబడి నవ్వాడు. క్లాసంతా చుట్టూ చేరి నవ్వుతూ చూసింది. చివరికి ఆవిడ దిగ్గున లేచి కూర్చుని, ఇంటి పేరుతో సహా తన పేరు చెప్పి, కొడుకుని కౌగలించుకున్నారు. ఆ రోజంతా ఆయన అందరికీ అదే చెప్పాడు. "అమ్మ యాక్టింగ్! పాస్!"

ఆ తర్వాత ఎక్కువ రోజులు కాలేదు. ఒక ఉదయం ఆయన అక్క ఫోన్ చేసింది. పెళ్ళి కాక, తల్లితో, తమ్ముడితోనే ఉండేది ఆవిడ. "టీచర్ గారూ, అమ్మ నిద్రలోనే పోయింది. మీరు తొందరగా రండి. వీడు నవ్వుతున్నాడు."

నిజంగానే నవ్వుతున్నాడు. హాల్లో చాప మీద ఆవిడని పడుకోబెట్టారు. బంధువులు గోడ వారగా కూర్చుని ఏడుస్తున్నారు. ఆయన తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కుడి భుజం, ఎడమ భుజం దులుపుతున్నాడు. "అమ్మా, అయిపోయింది. పేరు చెప్పు." బుగ్గ గిల్లి నవ్వి, మా అందరివైపు చూసి కన్నుకొడుతున్నాడు. నన్ను చూసి "టీచర్, అమ్మ యాక్టింగ్!" అన్నాడు. 

వాళ్ళ మేనమామ కాబోలు, ఆ నవ్వు చూడలేక, ఆవిడ పేరు తానే గట్టిగా చెప్పాడు. "చెప్పిందిరా, ఇక లే." ఆయన ముఖం ఎర్రబడింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి గది దద్దరిల్లేలా అరిచాడు. "నువ్వు చెప్పద్దు! అమ్మనే చెప్పాలె!"  ఆయన మళ్ళీ వంగి దులిపాడు. పాడె కట్టడం పూర్తయ్యేదాకా దులుపుతూనే ఉన్నాడు. నవ్వు మాత్రం మెల్లగా ఎప్పుడో ఆగిపోయింది.

నేను చెప్పాను. అక్క చెప్పింది, బాగ్ లింగంపల్లి నుంచి ఒక కౌన్సెలర్‌ని తెచ్చి చెప్పించాం. అమ్మ చనిపోయింది, ఇక రాదు అని. ఆయన శ్రద్ధగా విని తల ఊపేవాడు. "ఆ, సచ్చిపోయింది" అనేవాడు. "పేరు చెప్పలే ఇంక" అనేవాడు. పేరు చెప్పలేదంటే వేషం దిగలేదనే కదా అర్థం. అమ్మ ఇంకా ఏదో వేషంలోనే ఉంది. ఎవరి వేషమో తెలియదు, వెతకాలి. అంతే ఆయన లెక్క. మా పద్ధతి ప్రకారం చూస్తే ఆ లెక్కలో తప్పెక్కడుందో నేను చూపించలేకపోయాను.

వెతకడం మొదలుపెట్టాడు. నారాయణగూడ మార్కెట్లో కూరలు బేరమాడే పెద్దావిడల వెనక చేరి, భుజాలు దులిపేవాడు. "అయిపోయింది, పేరు చెప్పు." కొందరు జడుసుకునేవాళ్ళు, కొందరు తిట్టేవాళ్ళు. మంచివాళ్ళు పేరు చెప్పేవాళ్ళు. అది అమ్మ పేరు కాదు. "సరే, తిన్నవా?" అని అడిగి, కూర సంగతి అడక్కుండా వచ్చేసేవాడు. గుడి మెట్ల దగ్గర ఒకావిడ కొడుకు చెయ్యెత్తాడు. చుట్టుపక్కల పూలమ్మేవాళ్ళు ఎరిగినవాళ్ళు కాబట్టి అడ్డుపడ్డారు. అక్క బయటికి పంపడం మానేసింది, శనివారం క్లాసుకి తప్ప.

క్లాసులో ఆ పని నాకు చేసేవాడు. ఆట అయ్యాక అందరి పేర్లూ అయిపోయేదాకా ఆగి, నా ముందుకొచ్చేవాడు. నా భుజాలు దులిపేవాడు. దులిపి, ఒక అడుగు వెనక్కి వేసి, నా ముఖంలోకి చూస్తూ నిలబడేవాడు. నేను మారతానేమోనని. నాకూ ఆవిడ వయసు దగ్గరపడుతోంది, జుట్టు అలాగే నెరిసింది. ఆ కళ్ళల్లో ఆశ కనబడేది. నా పేరు చెప్పేదాన్ని. ఆ ఆశ ఆరిపోయేది. మళ్ళీ శనివారం వచ్చేవాడు.

అక్క ఒకరోజు మెట్ల మీద నా చెయ్యి పట్టుకుంది. "టీచర్ గారూ, ఒక్కసారి మా అమ్మ పేరు చెప్పేయండి. మీరు నటించగలరు. ఆ ఒక్క ముక్కతో వాడి వెతుకులాట ఆగిపోతుంది. డాక్టరు వాడి గుండె ఎక్కువ కాలం లాగదంటున్నాడు. వెతుక్కుంటూ పోతాడేమోనని నా భయం."

"చెప్పలేనమ్మా" అన్నాను. "ఒకరి పేరు ఇంకొకరు చెప్పకూడదని ఆయన నా మాట నమ్మాడు. ఇప్పుడు నేనే దొంగతనంగా వాళ్ళమ్మనైతే, ఆయనకి నా దగ్గర మిగిలే నిజమేంటి?"

"మీ నిజం మీరుంచుకోండి" అంది అక్క. "వాడికి అమ్మ కావాలి." మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆవిడ కోపం న్యాయమే. నా మాటా న్యాయమే అనుకున్నాను. రెండు న్యాయాల మధ్య ఆయన శనివారం శనివారం నా భుజాలు దులుపుతూ ఉండిపోయాడు.

చలికాలంలో ఆయన్ని నారాయణగూడ దగ్గర ఒక ఆసుపత్రిలో చేర్చారు. సాయంత్రం చూడనిచ్చే వేళకి వెళ్ళాను. ముఖానికి ఆక్సిజన్ మాస్క్, కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. పాపిడి మాత్రం సరిగ్గా తీసి ఉంది, అక్క తీసి ఉంటుంది. నన్ను చూడగానే చెయ్యెత్తాడు. అందడం లేదని నేనే మంచం మీదికి వంగాను. కుడి భుజం, ఎడమ భుజం. చెయ్యి దూదిలా ఉంది. అడుగు వెనక్కి వేయలేడు కాబట్టి తల దిండులోకి నొక్కి నా ముఖం చూశాడు. మాస్క్ లోపలినుంచి గొంతు సన్నగా వచ్చింది. "పేరు చెప్పు."

నియమం గాలికి పోయింది. పోనీ, అలాంటి వేళ నియమం పట్టుకు వేలాడేదాన్నైతే నేను మనిషినే కాదు. అన్నేళ్ళ నాటకాలన్నీ ఒక్కచోటికి కూడదీసుకుని, ఆవిడ యాసలో, ఆవిడ లాగుడుతో పలికాను. "ఏరా దొరా, అయ్యిందా నీ ఆట? పద పద, అన్నం చల్లారిపోతోంది." ఇంటి పేరుతో సహా ఆవిడ పేరు చెప్పాను. గుమ్మంలో నిలబడ్డ అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన చాలాసేపు చూశాడు. మాస్క్ మీద ఆవిరి పట్టి, పోయి, మళ్ళీ పట్టింది. తర్వాత బుగ్గలు పైకి లేచాయి. నవ్వుతున్నాడు.

"ఫెయిల్, టీచర్" అన్నాడు.

చచ్చేంత సిగ్గేసింది. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన మళ్ళీ చెయ్యెత్తి, ఈసారి కాస్త గట్టిగా, కసిరినట్టు దులిపాడు. "అయిపోయింది. నీ పేరు చెప్పు." చెప్పాను. "ఇల్లు?" నారాయణగూడ అన్నాను. "పాస్." కాసేపు ఊపిరి కూడదీసుకుని "తిన్నవా?" అన్నాడు. బీరకాయ అన్నాను. అది పాసో ఫెయిలో చెప్పలేదు.

ఇక నా వంతు కదా. మంచం పక్కన కూర్చుని ఆయన భుజాలు దులిపాను. ఆసుపత్రి గౌను కింద ఎముకలు చేతికి తగిలాయి. "అయిపోయింది సార్, మీ పేరు చెప్పండి" అన్నాను. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పిడికిలి బిగించాడు. ఛాతీ నిండా గాలి పీల్చాడు. నేను ఆగాను. అక్క ఆగింది. నర్సు వచ్చి టైమైపోయింది మేడం, లెవ్వుండ్రి అంది. ఒక్క నిమిషమమ్మా, పేరు చెప్తున్నారు అన్నాను. ఇంకోసారి వచ్చి అడిగింది. ఆయన నిద్రలోకి జారుకున్నాడనుకుని, పిడికిలి మీద చెయ్యి వేసి వచ్చేశాను. తెల్లవారకముందే పోయాడని అక్క ఫోన్ చేసింది.

హాల్లో ఆయన ఫొటో పెట్టి కింద పేరు రాయిద్దామని వాలంటీర్లు అన్నారు. వద్దన్నాను. ఇక్కడ కూడా అందుకే రాయలేదు.

శనివారాలు క్లాసు నడుస్తూనే ఉంది. యముడి వేషం ఎవరూ అడగలేదు. ఆట అయ్యాక అందరం గుండ్రంగా నిలబడతాం. ముషీరాబాద్ అమ్మాయి తన పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడుతుంది, ఎవర్నీ జరగనివ్వదు. తన పేరు తను చెప్పాక, అటు తిరిగి ఆ చోటులో, ఆయన భుజాలుండే ఎత్తున గాలిని దులుపుతుంది. కుడి, ఎడమ. "అయిపోయింది, పేరు చెప్పు" అంటుంది. క్లాసంతా ఆ చోటువైపు చూస్తుంది. కింద జిరాక్సు మిషను చప్పుడు పైకి వినిపిస్తుంది.

ఆయన చనిపోయాడని వాళ్ళందరికీ తెలుసు. అడిగితే చెబుతారు కూడా. మొదటి వారాల్లో నేను "సరే, తర్వాతివాళ్ళు చెప్పండి" అని ముందుకి నడపబోయాను. ఆ అమ్మాయి నన్ను కూడా కసిరింది.

"ఆగు టీచర్. ఆలోచిస్తుండు."

ఇప్పుడు నడపడం మానేశాను. వాళ్ళతోపాటు నేనూ చెవులు రిక్కించి నిలబడతాను. ఎక్కడ వినిపిస్తుందోనని భయం వేస్తుంది. వినిపించక ఆ పిల్ల తల అడ్డంగా ఊపి, ఇయ్యాల చెప్తలేడు టీచర్ అన్నప్పుడు, నాకు ఏడుపాగదు.